పదహారో నంబర్ పన్ను

కాటారం చౌరస్తాలో నిలబడితే మంథనికో దారి, భూపాలపల్లికో దారి, కాళేశ్వరం వైపు ఇంకోటి. దవడ వాచినవాడు ఏ దారి పట్టినా చివరికి చేరేది దవాఖాన కంప్యూటర్ ముందుకే.

పుట్టిన తేదీ? జనవరి 1. మా దిక్కు పెద్దవాళ్లు చాలామంది ఆ రోజే పుట్టారు, ఆధార్ సాక్షిగా. జిల్లా? 2016 అక్టోబరు దాకా కరీంనగర్, ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి. ఎవరి కార్డులో ఏది మిగిలిందో వారి అదృష్టం. ఇంకా నోరు తెరవనేలేదు సుమా!

2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మనిషికో 14 అంకెల ఆభా నంబరిస్తోంది. మా ముసలోళ్లలో కొందరికి నోట్లో పండ్లకన్నా నంబర్లో అంకెలే ఎక్కువ. ప్రమాణాలు లేవా అంటే ఉన్నాయి. ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డులు ఎలా ఉండాలో కేంద్ర ఆరోగ్యశాఖ 2013లోనే చెప్పింది, 2016లో సవరించింది కూడా. అవి ఢిల్లీలో క్షేమంగా ఉన్నాయి.

అసలు తమాషా పంటి నంబర్లలో ఉంది. మన డాక్టర్లు ఎక్కువగా వాడేది రెండంకెల లెక్క. మొదటి అంకె నోట్లో ఏ మూలో చెబుతుంది, రెండోది ముందు నుంచి ఎన్నో పన్నో చెబుతుంది. 16 అంటే పైన కుడివైపు ఆరోది, పెద్ద దవడ పన్ను. అమెరికాలో 1 నుంచి 32 దాకా వరసగా లెక్కపెడతారు. అక్కడ 16 అంటే పైన ఎడమవైపు చిట్టచివరి జ్ఞానదంతం. డల్లాస్‌లో కొడుకు దగ్గరికి పోయిన తల్లి ఫోన్లో తన రికార్డు చూపించిందనుకోండి. అక్కడి డాక్టర్ మంచివాడైతే ముందు నోరు తెరవమంటాడు. రికార్డు మీద భక్తి ఉన్నవాడైతే భగవంతుడే దిక్కు. ఏ లెక్కలో రాశారో చెప్పే గడి ఒక్కటుంటే తీరిపోయే పేచీ ఇది.

గళ్లకు కొదవ ఉందా అంటే, అదీ లేదు. ఎర్ర చుక్కున్న గడి నింపందే తెర ముందుకు కదలదు, బయటేమో లైను. తంబాకు అలవాటు? 'లేదు'. బీడీ? 'లేదు'. తునికాకు తెంపే అడవి పక్క ఊరు, మనిషి జేబులోంచి బీడీకట్ట తొంగిచూస్తోంది, అయినా 'లేదు'. 'ఉంది' అని నొక్కితే మరో నాలుగు గళ్లు తెరుచుకుంటాయి మరి: ఎన్నేళ్ల నుంచి, రోజుకెన్ని, మానమని చెప్పారా, ఏమన్నాడు? సమీక్ష రోజు పెద్దసారు చూసేది గళ్లు నిండాయా లేదా అని. నిండాయి, నూటికి నూరు. నాణ్యత పెరిగింది, చప్పట్లు.

నన్నెవరూ అడగలేదనుకోండి, అయినా చెబుతాను. సగం గళ్లు పీకేయండి, మత్తు సూది కూడా అక్కర్లేదు. డాక్టర్ నోట్లో చూస్తూ చెబుతున్నప్పుడే పక్కనున్న అసిస్టెంటు ఎక్కించాలి, సాయంత్రం టీ తాగాక గుర్తుతెచ్చుకుని కాదు. కట్టేసిన కరెంటు బిల్లు మళ్లీ కట్టబోతే ఫోను ఒప్పుకోదు; పీకేసిన పంటికి వైద్యం రాస్తుంటే కంప్యూటర్‌కు ఆపాటి మొండితనం ఉండొద్దా?

ఆ మొండితనం వచ్చేదాకా కౌంటర్ల దగ్గర ముచ్చట ఇట్లా నడుస్తుంది:

"తాతా, నీ 46కు రూట్ కెనాల్ అయింది, క్యాపు పెట్టిండ్రని వస్తాంది."

"ఆ పన్ను పోయినేడు బతుకమ్మ పండుగప్పుడే పీకిండ్రు గద బిడ్డా."

"సిస్టంల ఉన్నది తాతా."

"నోట్లె లేదు."

ఆపరేటర్ తెర వైపోసారి, తాత నోటి వైపోసారి చూశాడు. తెరనే నమ్మాడు.

"క్యాపుకు గ్యారంటీ ఉన్నది తాతా, ఫికర్ చెయ్యకు."