ముందు జీతం చీటీ, ఆ తర్వాతే ప్రమాదం

నెల్లూరు తీరంలో రోడ్డెక్కే కూలీనాలీ జనానికి ఒక ఉచిత సలహా. హెల్మెట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు జీతం చీటీ సంపాదించండి. కృష్ణపట్నం పోర్టు నుంచి బొగ్గు ఎత్తుకొచ్చే టిప్పరు మీ కాలు మీదుగా పోతే, ఎముక ఎక్కడ విరిగిందో ఎక్స్‌రే చెప్పేస్తుంది. ఆ కాలు ఖరీదెంతో చెప్పాల్సింది మాత్రం కాగితమే.

చట్టానికి పక్షపాతం ఉందని మాత్రం అనకండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఢిల్లీకీ ముత్తుకూరుకీ ఒక్కటే. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు వయసుకో గుణకం చొప్పున పట్టిక కూడా ఇచ్చింది: 34 ఏళ్లవాడికి 16, 62 ఏళ్లవాడికి 7. నెల సంపాదనను పన్నెండుతో, ఆ గుణకంతో, వైకల్యం శాతంతో గుణించుకుంటే పోయిన సంపాదనకు లెక్క దొరుకుతుంది. చిక్కల్లా మొదటి అంకె దగ్గరే. ఇందుకూరుపేటలో రొయ్యల పట్టుబడికి పోయేవాడి నెల సంపాదన ఎంత? మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్లో ఈ సంభాషణ ఇంచుమించు ఇలా నడుస్తుంది.

"రోజుకెంత వస్తుంది?"

"పనుంటే ఐదొందలు సామీ. నెలకు పన్నెండు వేల దాకా పడతాయి."

"ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టావా?"

జవాబు లేదు.

"పోనీ, బ్యాంకులో పడినట్టు స్టేట్‌మెంట్ ఉందా?"

"చేతికే ఇస్తారు సామీ. మేస్త్రిని అడగండి."

"మేస్త్రి రాసిచ్చిన చీటీ ఉందా?"

"ఆయనకు రాయడం రాదు. వేలిముద్ర వేసిస్తాడు."

"అది చెల్లదు. ఆదాయానికి రుజువు లేదు."

గుంటలో రొయ్య కిలోకు ఎన్ని పడే కౌంటుకొచ్చిందో, ఆ రోజు రేటెంతో, ఎన్ని కిలోలు తూగిందో రాసిన పుస్తకం ఉంటుంది. వల లాగిన మనిషికే పద్దు ఉండదు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం కాబట్టి జువ్వలదిన్నె మత్స్యకారుడికి ఏడాదికి పది నెలలే లెక్కకట్టమని రేపెవరైనా వాదించినా నేను ఆశ్చర్యపోను. విరిగిన కాలు ఆ రెండు నెలలూ సెలవు తీసుకుంటుంది కాబోలు.

2011లో రామచంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు, 2004 నాటి ప్రమాదానికి, రుజువు లేకపోయినా ఒక కూలీ చెప్పిన నెలకు 4,500 రూపాయల మాటను నమ్మింది. కాగితం లేనివాణ్ణి ఆదుకోవడానికి ఇచ్చిన తీర్పది. ఆ 4,500నే హద్దుగా చూపించి, మీద ఇంకాస్త విదిల్చి సరిపెట్టమనడం బీమా కంపెనీల తరఫు వాదన. పోనీ, సర్కారు కూలి రేటే చూపిద్దామా? 2025-26లో ఆంధ్రప్రదేశ్ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. నెలకు 26 రోజులు వేసినా 7,982. సర్కారు కాగితమే కదా అంటే, ఆ పని ఏడాది పొడవునా ఉండదు కదా అంటారు! దేనికైనా జవాబుంది.

ఇక గుణకారం చూడండి. 34 ఏళ్ల మనిషి, 40 శాతం వైకల్యం. నెలకు 12,000 ఒప్పుకుంటే 9,21,600. ఆరు వేలే అంటే 4,60,800. ఆ 40 శాతం కాలికే గానీ ఒంటికి మొత్తంగా 20 శాతమేనంటే 2,30,400. రెండు వాక్యాల్లో నాలుగో వంతుకు దిగింది. అవయవం శాతం కాదు, సంపాదించే శక్తి ఎంత పోయిందో చూడాలని 2010లోనే రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మోకాలు ముడవనివాడు గుంటలో దిగి వల లాగగలడా? లాగలేడని కూడా రుజువు తేవాలేమో.

ఏ బండిలో ఉండగా దెబ్బ తగిలిందన్నది ఇంకో పరీక్ష. తెల్లారకముందే నాట్లకు పోయేవాళ్ల కోసం ఏ బస్సు వస్తుంది? ట్రాలీ ఆటో ఎక్కితే అది సరుకుల బండి. సరుకు యజమాని కూర్చుంటే పాలసీ వర్తిస్తుంది. నారు నాటే మనిషి కూర్చుంటే, కూలిలోంచి ఆటో బాడుగ కోసుకున్నా సరే, ఊరికే ఎక్కినట్టు లెక్క. పోనీ మనుషుల ఆటోనే ఎక్కారు, ముగ్గురి పర్మిట్, పది మంది జనం. 2007 నాటి అంజనా శ్యామ్ తీర్పు ప్రకారం కంపెనీ అన్నింట్లోకీ పెద్దవైన మూడు పరిహారాల మొత్తం కడితే చాలు, దాన్ని పది మందికీ దామాషాలో పంచుతారు. మిగతాది ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఓనరు ఆటోను ఫైనాన్సు వాళ్లు అప్పటికే తోలుకుపోయి ఉంటారు.

ఇవన్నీ దాటేసరికి ఏళ్లు గడుస్తాయి, అప్పులవాళ్లు గడప దగ్గరుంటారు. అప్పుడు రాజీమార్గమే రాజమార్గమంటూ లోక్ అదాలత్ పిలుస్తుంది. "ఇంత ఇస్తాం, ఒప్పుకుంటే చెక్కు, లేదంటే హైకోర్టుకు పోతాం" అంటుంది కంపెనీ. ఒప్పుకున్నాక అక్కడిచ్చే అవార్డుకు అప్పీలు లేదు. సంతకం రాదన్నా ఫరవాలేదు, ఇక్కడ వేలిముద్ర చెల్లుతుంది.