పన్ను నొప్పే అని నమ్మాలనుకునేవారికి

నోట్లో పుండు లేచిందా? వేడి చేసిందనుకోండి. మజ్జిగ తాగండి, సబ్జా గింజలు నానబెట్టండి, మందుల షాపులో బీకాంప్లెక్స్ అడగండి. మామూలు నోటిపూత రెండు వారాల్లో మానుతుంది. మీది నెల దాటినా మానలేదంటే మీకు వేడి మరీ ఎక్కువన్నమాట. ఇంకో గ్లాసు మజ్జిగ.

ఖైనీ, గుట్కా దట్టించే ఆ బుగ్గకీ కింది చిగురుకీ మధ్య సందులోనే పుండు లేచినా, రెంటికీ ముడిపెట్టకండి. నొప్పి లేదంటే ఇంకా నయం. నొప్పి లేనిదానికి డాక్టరెందుకు?

పన్ను కదిలితే పీకించేయండి. అటూ ఇటూ పళ్ళు గట్టిగా ఉండగా అదొక్కటే ఎందుకు కదిలిందని మీరూ అడక్కండి, డాక్టరునీ ఆలోచించనివ్వకండి. పీకిన గుంత పూడకపోగా అందులోంచి ఎర్రటి కండ ఉబికొస్తుంటే సెప్టిక్ అయిందని మళ్ళీ యాంటీబయోటిక్ మొదలెట్టండి. వాపు కాస్త తగ్గుతుంది కూడా. తగ్గేది గడ్డకి పట్టిన చీము, గడ్డ కాదు. అంత లోతుకి వెళ్తే ధైర్యం చెడుతుంది. కింది పెదవి మొద్దుబారిందా? మత్తు సూది ప్రభావం ఇంకా దిగలేదు, పన్ను పీకించి మూడు నెలలైనా సరే. దవడ కింద బిళ్ళ కట్టిందా? పంటి బిళ్ళే.

శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ తాగే అవ్వలకి, అంటే నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేవాళ్ళకి, అంగిట్లో పుండు పడితే కట్టుడు పళ్ళ సెట్టు ఒరుసుకుందని చెప్పి పంపండి.

1893లో అమెరికా అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌ల్యాండ్ అంగిట్లో గడ్డని ఓడలో రహస్యంగా కోయించుకున్నాడు. బయటికి మాత్రం పళ్ళు పీకించుకున్నాడనే చెప్పించారు. ఆపైన దాదాపు 15 ఏళ్ళు బతికాడు. ఆయన పన్ను కథ పేపర్లవాళ్ళకి చెప్పాడు, మీరు డాక్టరుకే చెప్పండి.

ముక్క పరీక్ష మాట ఎత్తితే కుర్చీలోంచి లేచి వచ్చేయండి. కత్తి తగిలితే పాకుతుందని మీ వీధిలో ఎవరో చెప్పే ఉంటారు. అలా పాకదు లెండి. మత్తిచ్చి తీసే చిన్న ముక్క అది. పంటి చీమో క్యాన్సరో తేల్చేది అదే. రెండు వారాలు దాటిన పుండు మీ నోట్లో ఇప్పుడుంటే, పై సలహాలన్నీ పక్కన పడేసి, రేపే వెళ్ళి ఆ పరీక్ష అడగండి.