లింకు పెట్టాం కదా!

పూర్వం బడిలో ప్రయోగశాల లేదంటే ప్రభుత్వం ఓ గది కట్టించాల్సి వచ్చేది. లెక్కల మాస్టారు లేరంటే పోస్టు భర్తీ చేయాల్సి వచ్చేది. లైబ్రరీ తాళం తుప్పు పట్టిందంటే దాన్ని పగలగొట్టడానికి ఓ మనిషైనా కావాల్సి వచ్చేది. ఇప్పుడా శ్రమలన్నీ తీరిపోయాయి. బడిలో ఏది కొరవడినా దాని బదులు వాట్సాప్ గ్రూపులో నీలం అక్షరాల వరస ఒకటి వచ్చి పడుతుంది. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరతాయి. అక్కడితో సమస్య తీరినట్టే లెక్క. ఆ తర్వాత ఎవరైనా నోరు తెరిస్తే జవాబు సిద్ధంగా ఉంటుంది: "లింకు పెట్టాం కదా, చూసుకోలేదా?"

ఈ మాట అనే అధికారం మెట్టుమెట్టుగా కిందికి దిగుతుంది. జిల్లా ఆఫీసు ఎంఈవోని అంటుంది, ఎంఈవో హెడ్మాస్టారిని, హెడ్మాస్టారు టీచర్లని, టీచర్లు తల్లిదండ్రులని. తల్లిదండ్రులకు అనడానికి ఎవరూ మిగలరు కాబట్టి పిల్లాడి చేతిలో ఫోను పెడతారు. వాడు నొక్కుతాడు. 'ఈ పేజీ అందుబాటులో లేదు' అని వస్తుంది. ఎలాగూ ఫోను చేతికొచ్చింది గనక రీల్స్‌లోకి జారుకుంటాడు. అందులో వాడి తప్పేమీ లేదు. పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను 2024లో అసర్ సర్వేవాళ్లు అడిగితే 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చని తేలింది. వాళ్లలో అంతకు ముందు వారంలో దాన్ని చదువుకు వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకి వాడినవాళ్లు 76 శాతం. ఇదే ప్రశ్న మన స్టాఫ్ రూముల్లో అడగలేదు, బతికిపోయాం.

ఇక జాబితాల సంగతి. 'ప్రతి ఉపాధ్యాయుడూ దాచుకోవలసిన 101 ఉచిత వెబ్‌సైట్లు' అనే సందేశం ఏటా జూన్‌లో, తొలకరితో పాటు కురుస్తుంది. మొదటి పేరు నాసా. రెండోది ఖాన్ అకాడమీ. మూడోది ఎప్పుడో మూతపడింది. నాలుగోదాంట్లోకి వెళ్తే కీళ్ల నొప్పుల నూనె అమ్ముతున్నారు. మిగతా తొంభై ఏడింటి సంగతి ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఇంతవరకూ అక్కడిదాకా వెళ్లినవాళ్లు లేరు. జాబితా తయారుచేసినాయన కూడా వెళ్లి ఉండడు, ఆయనకు ఇంకో గ్రూపులోంచి వచ్చింది. చివర్లో మాత్రం తప్పకుండా ఉంటుంది: 'పేద విద్యార్థులకు ఉపయోగపడుతుంది, దయచేసి అందరికీ పంపండి.' పంపడంలోనే పుణ్యమంతా ఉంది. తెరిచి చూడటం ఆ వ్రతవిధానంలో లేదు.

డీఎస్సీకో గ్రూప్-2కో చదివే కుర్రాళ్లది ఇదే భక్తిలో ఇంకో శాఖ. వీళ్ల క్షేత్రం టెలిగ్రామ్. రోజూ తెల్లారేసరికి ఒక్కో ఛానెల్లో నలభై పీడీఎఫ్‌లు దిగుతాయి: చేతిరాత నోట్సు, బిట్ బ్యాంకు, పాత పేపర్లు, ఎవరో కష్టపడి అచ్చేసుకున్న పుస్తకానికి దొంగచాటుగా తీసిన స్కాన్. ఫోన్లో చోటు చాలకపోతే ఇంట్లోవాళ్ల ఫొటోలు తీసేసి మరీ దాచుకుంటారు. ఇంత సంపద చేతిలో ఉన్నవాళ్లు పొద్దున్నే హైదరాబాదు చిక్కడపల్లి లైబ్రరీ ముందు బ్యాగు పట్టుకుని ఎందుకు నిలబడతారు? కుర్చీ కోసం. నిశ్శబ్దం కోసం. చుట్టూ ఇంకో వందమంది చదువుతుంటే మనకూ చదవాలనిపిస్తుంది కాబట్టి. కుర్చీని ఇంకా ఎవరూ లింకుగా పంపలేకపోతున్నారు. సాంకేతికత అభివృద్ధి చెందాల్సిన దిశ ఏదైనా ఉంటే అదే.

సర్కారు వారు ఊరుకుంటారా? వాళ్లూ గట్టిగానే దిగారు. దీక్ష, నిష్ఠ, స్వయం, స్వయంప్రభ. పేర్లు వింటే వెబ్‌సైట్లో చేరుతున్నామా, ఆశ్రమంలోనా అని సందేహం వస్తుంది. 2017 సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం నాడు అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు దీక్షను ప్రారంభించారు. పాఠ్యపుస్తకంలో పాఠం పక్కన క్యూఆర్ కోడు ముద్రిస్తారు, ఫోన్‌తో స్కాన్ చేస్తే వీడియో వస్తుంది. ఆలోచన మంచిదే, ఎగతాళి చేయను. ఎగతాళంతా దాని పక్కనే ఉన్న ఇంకో తాఖీదులో ఉంది: పిల్లలు బడికి ఫోను తేకూడదు. పుస్తకం బడిలో, ఫోను ఇంట్లో. సాయంత్రం పుస్తకం ఇంటికి చేరేసరికి ఫోను నాన్నతో పాటు బయట తిరుగుతుంటుంది. బడిలోనే చూపిద్దామంటే, 2023-24 యూడైస్ బడుల లెక్కల ప్రకారం దేశంలో ఇంటర్నెట్ ఉన్న బడులు 53.9 శాతం, పనిచేసే కంప్యూటరున్నవి 57.2 శాతం. అంటే దాదాపు సగం బడుల్లో ఆ కోడు, పుస్తకం అంచున వేసిన ముగ్గు.

టీచర్ల శిక్షణ కూడా ఆన్‌లైనే. 2019లో మొదలైన నిష్ఠ కార్యక్రమం కరోనా రోజుల్లో దీక్షలోకి మారింది. మాడ్యూలు తెరవాలి, వీడియోలు చూడాలి, చివర క్విజ్ రాయాలి, సర్టిఫికెట్ స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టాలి. ఫలానా తేదీలోగా వంద శాతం పూర్తి కావాలని పైనుంచి తాఖీదు. వంటింట్లో కుక్కరు కూస్తుంటుంది, హాల్లో ఫోను గోడకి ఆనుకుని 'బాలల సామాజిక, భావోద్వేగ వికాసం' గురించి తనలో తాను మాట్లాడుకుంటుంటుంది. మాడ్యూలు విడుదలైన సాయంత్రానికే యూట్యూబులో క్విజ్ జవాబులు వచ్చేస్తాయి, చక్కగా తెలుగు వ్యాఖ్యానంతో. ఉపాధ్యాయుల కోసం ఆన్‌లైన్‌లో ఉన్న ఉచిత వనరుల్లో ఆసాంతం, శ్రద్ధగా, వెనక్కి తిప్పి మరీ చూసే వీడియో ఏదైనా ఉంటే అది ఆ జవాబుల వీడియోనే. టీచర్లని తిట్టడానికి ఈ మాట అనడం లేదు. నేర్చుకున్నారా అని అడగకుండా పూర్తయిందా అని మాత్రమే అడిగితే ఎవరైనా పూర్తే చేస్తారు.

ఇది మన దగ్గరి రోగమేనని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. హార్వర్డ్, ఎంఐటీ ఎడెక్స్ అనే వెబ్‌సైట్లో పెట్టిన ఉచిత కోర్సులను పరిశీలించి 2019లో సైన్స్ పత్రికలో ఓ వ్యాసం వచ్చింది. 2017-18లో చేరినవాళ్లలో కోర్సు పూర్తిచేసింది 3.13 శాతం. అక్కడ ఎంఈవోలు లేరు కదా.

ఇంకో రకం ఉచితం ఉంది. దాని ముఖద్వారం దగ్గర ఫోను నంబరు అడుగుతారు, ఓటీపీ అడుగుతారు, అమ్మాయి ఏ క్లాసో అడుగుతారు. పాఠం మొదటి పది నిమిషాలు అద్భుతంగా ఉంటుంది: గ్రహాలు తిరుగుతాయి, డైనోసార్లు అరుస్తాయి. పదకొండో నిమిషంలో తాళం. మర్నాడు నాన్నకి ఫోను: "సార్, మీ పాప చాలా షార్ప్. కానీ ఇప్పుడు గనక ఫౌండేషన్ పడకపోతే..." మిరపకాయలు కాటా వేయిస్తున్న మనిషికి, మార్కెట్ యార్డులో, అదీ సీజన్లో, కూతురి ఐఐటీ భవిష్యత్తు కళ్ల ముందు కూలిపోతున్నట్టు వినిపిస్తారు. ఈఎంఐ కట్టడం మొదలయ్యాక తెలుస్తుంది, ఉచితంగా వచ్చింది పాఠం కాదు, ఆ ఫోను కాల్ అని.

ప్రభుత్వాలే ఇలాంటి ఉచితాన్ని నెత్తికెత్తుకున్న సందర్భమూ ఉంది. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకూ వాళ్ల టీచర్లకూ ట్యాబుల పంపిణీ మొదలైంది, అన్నీ కలిపి 5 లక్షల పైచిలుకు. లోపల బైజూస్ పాఠాలు. పాఠాలకు పైసా తీసుకోవడం లేదని అప్పట్లో గట్టిగానే చెప్పారు. ఏడాదిన్నర తిరిగేసరికి, 2024 జులైలో, బెంగళూరులోని జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియకు ఆదేశించింది. కేసు వేసింది క్రికెట్ బోర్డు. భారత జట్టు చొక్కా మీద పేరు వేయించుకున్న స్పాన్సర్‌షిప్ తాలూకు బకాయి సుమారు 158 కోట్లు రావాలన్నది వాళ్ల ఫిర్యాదు. పాఠం ఉచితం, చొక్కా మీద పేరు మాత్రం కోట్లలో. ఏది సరుకో, ఏది ప్రకటనో ఆ లెక్క చూస్తేనే అర్థమవుతుంది. ఆ ధరల పట్టిక ముందే చూసి ఉంటే మన సచివాలయంలో ఎవరికైనా అనుమానం వచ్చి ఉండేది.

అలాగని అంతా బూటకమేనా అంటే, కాదు. కాదు కాబట్టే ఈ కడుపుమంట. నిజంగా మంచివి ఉన్నాయి, అవి నంబరు కూడా అడగకుండా ఓ మూల కూర్చుని ఉన్నాయి. భౌతికశాస్త్రంలో 2001 నోబెల్ అందుకున్న కార్ల్ వైమన్ ఆ మరుసటి ఏడాది అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంలో ఫెట్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టాడు. పదో తరగతి విద్యుత్ పాఠానికి తెర మీద బ్యాటరీ, తీగలు, బల్బు ఇస్తారు, పిల్లలే జోడించుకోవాలి. తప్పుగా జోడిస్తే బ్యాటరీ మంటలు కక్కుతుంది. ఆ మంటలు చూడటానికి వెనక బెంచీవాళ్లు ముందుకు వస్తారు, ఓమ్ నియమం వాళ్లకు తెలియకుండానే తలకెక్కుతుంది. ఇది తెలుగులోనూ ఉంది. ఒక్కసారి దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది, అంటే పైన చెప్పిన సగం బడుల బాధ దీనికి లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో తెచ్చిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలున్నాయి. చదవచ్చు, అచ్చువేసి పంచచ్చు, నచ్చకపోతే మన యాసలోకి మార్చుకోవచ్చు కూడా. ఇంజనీరింగ్ పిల్లలకు ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ ఉంది. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష రుసుము. రెండు తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాలూ పీడీఎఫ్‌లుగా సర్కారీ సైట్లలోనే ఉన్నాయి. వాటినే వాటర్‌మార్క్ వేసి ఛానెళ్లవాళ్లు 'ఎక్స్‌క్లూజివ్' అని పంచుతుంటారు.

ఇవి ఎలా ఉచితమయ్యాయి? ఎవరో ముందే డబ్బు కట్టారు గనక. ఎంఐటీ 2001లో తన కోర్సులన్నీ నెట్‌లో పెడతామన్నప్పుడు హ్యూలెట్, మెలన్ ఫౌండేషన్లు ఖర్చు భరించాయి. ఎన్‌పీటెల్‌కి కేంద్ర విద్యాశాఖ భరిస్తోంది. డబ్బు ఎవరు పెట్టారో స్పష్టంగా కనిపించే చోట మీ నంబరు భద్రం. ఎవరు పెట్టారో తెలియని చోట పెట్టుబడి మీరే.

మరి వీటిని ఎవరూ వాడరేం? వెతకడానికి ఓ సాయంత్రం కావాలి. తెలుగులో 'పదో తరగతి విద్యుత్' అని కొడితే పైన వచ్చేవన్నీ 'ఇంపార్టెంట్ క్వశ్చన్లు', 'ఒక్క రాత్రిలో 35 మార్కులు'. వాటిని దాటి పోయి, రెండు మూడు చూసి, రేపటి పాఠానికి పనికొచ్చేది ఒకటి ఏరి, దించుకుని, తరగతిలో ఓసారి సరిచూసుకోవాలి. ఆ సాయంత్రం మన మాస్టారి దగ్గర లేదు. మధ్యాహ్న భోజనం వివరాలు, హాజరు యాప్‌లో ఎక్కించాలి. సర్వరు బిజీ అంటే మళ్లీ ఎక్కించాలి. వనరులు ఉచితంగా ఇచ్చాం అంటున్నవాళ్లు, వాటిని వెతికే గంటని ఆయన దగ్గర్నుంచి ఉచితంగానే తీసేసుకున్నారు. కాంప్లెక్స్ మీటింగుల్లో నెలకో పూట, తాఖీదులు చదవడం మానేసి, పదిమంది టీచర్లు కూర్చుని పది పాఠాలకు పది వనరులు ఏరుకుంటే 101 వెబ్‌సైట్ల జాబితా అక్కర్లేదు. కాకపోతే దానికి స్క్రీన్‌షాట్ రాదు.

ఆ మధ్య ఓ మీటింగులో ఇలాగే ఓ పెద్దాఫీసరు "అన్నీ ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉన్నాయండీ, ఇంకా పోస్టులు, ల్యాబులు అంటారేమిటి" అని చాలాసేపు సెలవిచ్చారు. చివర్లో ఓ ఎస్‌జీటీ మాస్టారు లేచి, "అయ్యా, అమ్మాయిగారు ఇంటర్ కార్పొరేట్ కాలేజీలో చదువుతున్నారని విన్నాం, లక్షల్లో ఫీజట. ఆ లింకులేవో అమ్మాయిగారికీ పంపకపోయారా?" అని చాలా వినయంగా అడిగాడు. హాలంతా నవ్వింది. ఆఫీసరుగారూ నవ్వారు. సాయంత్రం గ్రూపులో ఆ మాస్టారి పేరొక్కటే వచ్చింది: ఆయన మాడ్యూలు ఇంకా పెండింగులో ఉందట, రాత్రి పది లోపు పూర్తిచేయాలట, కింద లింకు.