పిట్టల బావమరిదికి ఐదొందల్లో కానుక

మా బావమరిదికి పిట్టల పిచ్చి. ఉండేది కాకినాడలో. పగలు ఉద్యోగం, తెల్లవారుజామున కోరింగ మడ అడవులు. జీతం ఎటు పోతోందో మా అత్తగారికి అంతుపట్టదు గానీ నాకు తెలుసు: సగం ఇంటి అద్దెకి, సగం 150-600 లెన్సు వాయిదాలకి. "ఇది చవక రకం బావా" అంటాడు. నిజమే. అసలు సిసలు 600 లెన్సులు పది లక్షలు దాటినవి ఉన్నాయి. వాటి పేరెత్తేటప్పుడు వాడి గొంతు వెంకన్న దర్శనం గురించి చెబుతున్నట్టు గద్గదమవుతుంది.

ఇలాంటివాడికి పుట్టినరోజు వస్తే చుట్టాలందరికీ ఒకటే ఆలోచన వస్తుంది: లెన్సు ఆకారంలో ఉండే కాఫీ కప్పు. పిన్ని ఒకటిచ్చింది, ఆఫీసువాళ్లు ఒకటిచ్చారు, వచ్చీరాని పెళ్లి సంబంధంవాళ్లు కూడా ఒకటిచ్చి సంబంధం మాత్రం ఇంకొకరికిచ్చారు. ఒకసారి పనిమనిషి అసలు లెన్సునే కప్పనుకుని సింకు దాకా తీసుకెళ్లిందట. అప్పటినుంచి కప్పులన్నీ అటకెక్కాయి.

పోనీ కెమెరా సామానే కొందామా అంటే, అది మనలాంటివాళ్లకి కొరుకుడు పడే వ్యవహారం కాదు. ఫిల్టరు కొనాలంటే లెన్సు మూతి కొలత తెలియాలి; అది 77 కావచ్చు, 82 కావచ్చు, 95 కావచ్చు. బ్యాగంటారా, వాడి దగ్గర ఎన్ని బ్యాగులున్నాయంటే వాళ్లక్క చీరల మీద జోకులేసే హక్కు వాడికి ఎప్పుడో పోయింది.

నా సిద్ధాంతం ఇది. ఫొటోకి ఏం కావాలో వాడికి క్షుణ్ణంగా తెలుసు. వానకి, మంచుకి, బురదకి, ఆకలికి ఏం కావాలో మాత్రం బొత్తిగా తెలియదు. కానుకిచ్చేవాళ్లకి సందు దొరికేది అక్కడే. పైగా అక్కడ కావలసినవన్నీ చవక.

ఉదాహరణకి పెసల సంచి. సఫారీ జీపులో స్టాండు నిలబెట్టే చోటుండదు. రెండు కిలోల లెన్సుని చేత్తో ఎత్తిపట్టుకుంటే పిట్ట కంటే ముందు చెయ్యి వణుకుతుంది. అందుకని ఒక సంచిలో ధాన్యం పోసి, జీపు అంచుమీద వేసి, దానిమీద లెన్సు ఆనిస్తారు. ఆఫ్రికా అడవులకి వెళ్లే ఫొటోగ్రాఫర్లు విమానంలో ఖాళీ సంచి తీసుకెళ్లి, అక్కడ దిగాక బియ్యమో చిక్కుడు గింజలో కొని నింపుకుంటారు. బజారులో కొత్తది కొనక్కర్లేదు. పాత జీన్సు ప్యాంటు కాలు ఒకటి మోకాలి కింద కత్తిరించి, ఒక పక్క కుట్టేసి, రెండో పక్క జిప్పు వేయిస్తే సరి. మా అత్తగారు స్వయంగా కుట్టి, రెండు కిలోల పెసలు పోసి ఇచ్చింది. పడవలో వానకి తడిసిన సంచిని మావాడు అలాగే మూల పడేశాడు. మూడోనాటికి జిప్పులోంచి మొలకలు తలెత్తాయి. "కెమెరా వల్ల ఇంటికి దక్కింది ఇదొక్కటే" అని ఆవిడ వాటికి తాలింపు పెట్టబోయింది గానీ, జీన్సు వాసన చూసి విరమించుకుంది. కాబట్టి సంచితోపాటు లోపల వేసుకోవడానికి ఒక మందపాటి ప్లాస్టిక్ కవరు కూడా ఇవ్వండి.

కోస్తావాళ్లకి వాన కంటే పెద్ద శత్రువు తేమ. గాలిలో తేమ అరవై శాతం దాటి అలాగే ఉంటే లెన్సు లోపల బూజు అల్లుకుంటుంది. శుభ్రం చేయించడానికయ్యే ఖర్చు వింటే కొత్తదే నయమనిపిస్తుంది. దీనికి విరుగుడు గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ గింజలు, ఓ చిన్న తేమ మీటరు. మీటరు నలభైకీ యాభైకీ మధ్య ఉంటే లెన్సు నిశ్చింతగా నిద్రపోతుంది. తేమ పీల్చుకున్న గింజలు రంగు మారతాయి, వేడిచేస్తే మళ్లీ మొదటి రంగుకొస్తాయి. కాకపోతే నీలం రంగువి కొనకండి. ఆ రంగునిచ్చే కోబాల్టు మంచిది కాదు. పైగా పెద్దవాళ్లున్న ఇంట్లో కలకండ అనుకునే ప్రమాదముంది. నారింజ రంగువి దొరుకుతాయి.

ఊరికే వచ్చే కానుకలూ ఉన్నాయి. హోటల్లో ఇచ్చే షవర్ క్యాపు చిన్న కెమెరాకి దివ్యమైన గొడుగు. పెద్ద జిప్ కవరు ఇంకో వరం. ఏసీ గదిలోంచి చల్లటి కెమెరాని బయటి ఉక్కలోకి తేగానే అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది. గదిలోనే కవర్లో పెట్టి, జిప్పు బిగించి, బయటికి తెచ్చాక కాసేపు ఆగితే పట్టదు. ఇది తెలియక కోరింగలో నీటిపిల్లులు ఎదురుగా ఆడుకుంటుంటే మావాడు చొక్కా అంచుతో లెన్సు తుడుచుకుంటూ కూర్చున్నాడు. తుడుచుకోవడం ముగిసేసరికి వాటి ఆట కూడా ముగిసింది. అన్నట్టు, చొక్కాతో తుడవనివ్వకండి, నోటితో ఊదనివ్వకండి, తుంపర్లు పడతాయి. రబ్బరు బ్లోయర్ ఒకటి కొనివ్వండి. ఇంట్లో చంటిపిల్లలుంటే రెండు కొనండి.

వంజంగి కొండమీద మేఘాలు చూడాలంటే చీకట్లోనే ఎక్కాలి. చేతిలో స్టాండు, భుజాన బ్యాగు, నోట్లో సెల్‌ఫోను టార్చి పెట్టుకుని ఎక్కేవాళ్లని చూస్తే జాలేస్తుంది. తలకి కట్టుకునే లైటు ఇవ్వండి, ఎర్రలైటు కూడా ఉన్నదైతే మేలు. ఎర్రటి వెలుగులో కళ్లు చీకటికి పడ్డ అలవాటు పోగొట్టుకోవు. నక్షత్రాలు తీసేవాళ్లు వాడేది అదే.

ఇక తిండి. గోదావరి జిల్లాల్లో దీనిమీద లోతుగా పరిశోధన జరగాలి. ఆత్రేయపురం పూతరేకు కెమెరాకి ఆగర్భశత్రువు: కొరికితే రేకు పొడి, ఆ పొడిలో చక్కెర, ఆ చక్కెరకి నెయ్యి, మూడూ కలిసి మీటల సందుల్లోకి. కాకినాడ గొట్టం కాజా ఇంకా ఘోరం. దాన్ని కొరికిన మనిషి ఎదురుగా ఏ పరికరం ఉండకూడదు. పాకం ఎటు చిమ్ముతుందో బ్రహ్మకే తెలియదు. జంతికల నూనె వేళ్లకంటుకుంటుంది. పులిహోర సంగతి చెప్పనక్కర్లేదు. అన్ని కోణాల్లోంచి ఆలోచించి నేను తేల్చింది వేయించిన శనగలు. చప్పుడవుతాయన్న ఒక్క లోపముంది, పిట్టలు దాన్ని క్షమిస్తాయి.

పుస్తకమివ్వాలనుకుంటే సలీం అలీ 'ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' ఉంది. 1941లో మొదటిసారి వచ్చింది, నేటికీ నిలిచింది. దీనివల్ల చుట్టాలకీ లాభమే. ఉప్పలపాడులో కనిపించే ప్రతి కొంగనీ "సైబీరియా నుంచి వచ్చింది" అనడం మానేస్తాం. అక్కడ గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మన దేశంవే.

అన్నిటికన్నా మంచిది చివరికి దాచాను: వాడు తీసిన ఫొటోనే ప్రింటు వేయించి ఫ్రేము కట్టించి ఇవ్వండి. వేల ఫొటోలు హార్డు డిస్కులో మగ్గుతుంటాయి, ఒక్కటీ గోడెక్కదు. ఏది బాగుందో వాడినే ఎంచుకోమంటే వచ్చే పుట్టినరోజు దాకా ఎంచుతాడు, కనుక మీరే ఎంచండి. ఫైలు మాత్రం వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపించుకోకండి, అది సైజు తగ్గించేస్తుంది. డాక్యుమెంటుగా పంపమనండి, లేదా పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్లండి.