గృహవాద్యమండప శాస్త్రం

ఏ శాస్త్రానికైనా ముందు అధికారి ఎవరో తేల్చాలని పెద్దలు నియమం పెట్టారు. ఇంట్లో ఒక గదిని బ్యాండు ప్రాక్టీసుకూ రికార్డింగుకూ వదిలేయగలిగినవాడే ఈ శాస్త్రానికి అధికారి. అతడికి సొంత ఫ్లాటు ఉండాలి. అందులో మూడో పడకగది ఉండాలి. ఆ గదిలో ఏడాదికి రెండుసార్లకు మించి దిగని అత్తగారు ఉండాలి. ఇంటి ఈఎంఐ తీరకుండానే ఇంకో అప్పు చేయగల గుండె ఉండాలి. అద్దె ఇంటివాడికి గోడకు మేకు కొట్టే హక్కే లేదు గనుక అతడికి హెడ్‌ఫోన్సే మోక్షం. ఈ శాస్త్రానికి విషయం గది, ప్రయోజనం వాద్యం. సంబంధం మాత్రం కింది ఫ్లాటువారితో.

ఈ విద్యకు ఆద్యుడు భరతముని. నాట్యమండపాన్ని కొండగుహ ఆకారంలో కట్టమనీ, కిటికీలు చిన్నవిగా పెట్టమనీ, గాలి చొరబడనివ్వొద్దనీ, అప్పుడే ధ్వనికి గాంభీర్యం వస్తుందనీ నాట్యశాస్త్రం రెండో అధ్యాయంలో చెప్పాడు. మనుషులకు 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు చాలు, అంతకు మించితే మాట తెలియదని కూడా హెచ్చరించాడు. 64 మూరలంటే 96 అడుగులు. ఆ హెచ్చరికతో మనకు పనిలేదు. బిల్డరు మనల్ని ఆ ప్రమాదం నుంచి ముందే తప్పించాడు. గాలి రాకూడదన్న విధిని మాత్రం మనవాళ్లు తు.చ. తప్పకుండా పాటిస్తారు. మైకులో ఫ్యాను గరగర పడుతుందని టేకుకు ముందు ఫ్యాను ఆపుతారు, ఏసీ ఆపుతారు, కిటికీ సందుల్లో తువ్వాళ్లు కుక్కుతారు. మే నెలలో, విజయవాడలో, అయిదుగురు. రెండో చరణానికి వచ్చేసరికి గిటారు తీగలు శ్రుతి దిగుతాయి, గాయకుడి కళ్లజోడు ముక్కు మీంచి జారుతుంది, కీబోర్డు మీద చెమటచుక్క పడి అవసరం లేని స్వరం ఒకటి పలుకుతుంది. కొందరు లాక్షణికులు దీన్నే కరుణరసం అంటారు. మేం ఒప్పుకోం, ఇది రౌద్రానికి పూర్వరంగం.

ఇక కొలతలు. మన వైపు వాస్తు చెప్పేవారు వైశాల్యాన్ని తొమ్మిదితో హెచ్చవేసి, ఎనిమిదితో భాగించి, మిగిలిన శేషాన్ని బట్టి ఆయం చెబుతారు. ఒకటి మిగిలితే ధ్వజం, రెండు ధూమం, మూడు సింహం, నాలుగు శునకం, అయిదు వృషభం, ఆరు ఖరం, ఏడు గజం. ఏమీ మిగలకపోతే కాకం. బేసివి మంచివి, సరివి కావు. (ఎనిమిదికి ఒకటి కలిపితే తొమ్మిది గనుక హెచ్చవేసినా, మానినా శేషం మారదు. అయినా హెచ్చవేస్తారు. ఫీజు తీసుకున్నాక ఆ మాత్రం కష్టం కనపడాలి.) లెక్క గజాల్లోనా, మూరల్లోనా అని సిద్ధాంతులు కలహించుకోవచ్చు, బ్రోచరు అడుగుల్లో ఉంది గనుక మేం అడుగులనే పట్టుకున్నాం. పదికి పది గది వైశాల్యం 100, శేషం నాలుగు: శునకాయం. పదికి పదకొండు 110, శేషం ఆరు: ఖరాయం. పదికి పన్నెండు 120, శేషం సున్నా: కాకాయం. అంటే ఫ్లాట్లలో మామూలుగా దొరికే మూడు సైజుల్లోనూ మన గాయకుడికి కుక్క, గాడిద, కాకి కంఠాల్లో ఏదో ఒకటే రాసిపెట్టి ఉంది. ఏనుగు కావాలంటే 11కి 13 గది ఉండాలి. దాన్ని మాస్టర్ బెడ్‌రూమ్ అంటారు, అందులో ఇంటావిడ ఉంటుంది.

హేతువాదులు నవ్వకముందే ఒక మాట. పదికి పది గది పనికిరాదని భౌతికశాస్త్రం కూడా అంటుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య పదడుగులుంటే వాటి నడుమ నిలబడి మోగే మొదటి స్వరం 56 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. బేస్ గిటారులో ‘ఏ’ తీగను వట్టిగా మీటితే 55 హెర్ట్జ్. కాబట్టి బేస్ వాయించేవాడు ఆ తీగ ముట్టినప్పుడల్లా గది కూడా తనను పిలిచారనుకుని గొంతు కలుపుతుంది. రెండో జత గోడలూ పదడుగులే, సీలింగూ పదడుగులే అయితే మూడు జతలూ ఒకే స్వరానికి ఓటేస్తాయి. ఇంతకన్నా దారుణం, ఆ స్వరం గోడకు ఆనుకున్నవాడి గుండెల్లో మోగుతుంది, గది మధ్యలో కూర్చున్నవాడికి దాదాపు వినపడదు. “బేస్ ఎక్కువైందిరా” అంటాడు మొదటివాడు. “బేస్ ఏదిరా అసలు?” అంటాడు రెండోవాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఎన్ని బ్యాండ్లు ఈ 56 హెర్ట్జ్ దగ్గర విడిపోయి, కారణం అహంకారమని చెప్పుకున్నాయో! అందుకే మూడు కొలతలూ మూడు రకాలుగా ఉండాలంటారు. 1965లో సెప్‌మేయర్ అనే అమెరికన్ సూచించిన నిష్పత్తుల్లో ఒకటి 1 : 1.14 : 1.39. పదడుగుల ఎత్తుకు లెక్కిస్తే 11.4కి 13.9. పాఠకులు గమనించాలి, ఇంచుమించు గజాయం! ప్రాచ్యమూ పాశ్చాత్యమూ ఏకమై వేలు చూపిస్తున్నది ఇంటావిడ గదివైపే.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. “ఇంత అవసరమా? 1902లో గాయని గౌహర్ జాన్ కలకత్తాలో హోటల్ గదిలోనే కదా రికార్డింగ్ ఇచ్చింది?” ఇచ్చింది. కానీ ఆవిడ పాడింది హార్నులోకి. ఆ హార్నుకు ఎదురుగా గట్టిగా పాడితేనే వినపడేది, అదీ మధ్యస్థాయి స్వరాలే. నేటి కండెన్సర్ మైకుకు పై అంతస్తులో పోపు వేసినా వినపడుతుంది.

రెండో పూర్వపక్షి చేతిలో గుడ్ల అట్టలుంటాయి. దేశంలో ప్రతి బ్యాండూ ఒక దశలో కోడిగుడ్ల దుకాణం చుట్టూ తిరిగింది. గోడ నిండా అట్టలు అంటిస్తే శబ్దం ఆగుతుందన్న నమ్మకానికి ఆధారం సినిమాల్లో చూసిన స్టూడియో గోడల గతుకులు. అట్టకు బరువు లేదు, శబ్దాన్ని ఆపేది బరువు. పల్చటి కాగితపు గుజ్జు తాళాల కీచును కాస్త మింగుతుందేమో గానీ డ్రమ్ము దెబ్బ దాన్ని గుర్తించను కూడా గుర్తించదు. పైగా నిప్పురవ్వ పడితే గది మొత్తం ఆమ్లెట్టు. లోపలి ప్రతిధ్వని తగ్గాలంటే దళసరిగా ఉండి గాలి దూరేదేదైనా పనికొస్తుంది: రాక్‌వూల్, దూదిపరుపు, అమ్మమ్మ కుట్టిన బొంత. దీనికి ప్రమాణం సబైన్ అనే భౌతికశాస్త్రవేత్త. 1895లో హార్వర్డులో మాట అర్థంకాని ఒక ఉపన్యాసశాలను బాగుచేయమంటే, ఆయన రాత్రిళ్లు పక్క థియేటరు సీట్ల మెత్తలు మోయించి, ఆర్గన్ గొట్టం ఊది, స్టాప్‌వాచీతో మోత ఎంతసేపటికి చస్తుందో కొలిచి, తెల్లారేసరికి మెత్తలు తిరిగి సర్దించేవాడు. ఖాళీ హాల్లో మాట అయిదున్నర సెకన్లు మోగేదట. ఒక మనిషి దాదాపు ఆరు మెత్తలకు సమానమని కూడా ఆయనే తేల్చాడు. అందువల్ల ప్రాక్టీసుకు వచ్చి ఏమీ వాయించని స్నేహితుణ్ణి తరిమేయకూడదు. అతడు ఆరు మెత్తలు.

అయితే బొంత లోపలి మోతను మింగుతుందే గానీ, బయటికి పోయే శబ్దాన్ని ఆపదు. ఆపడానికి గోడే దిక్కు. కేంద్ర ప్రభుత్వపు 2000 నాటి నియమాల ప్రకారం నివాసప్రాంతంలో హద్దు పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటితే 45. చిన్నగదిలో డ్రమ్ సెట్టు నూరు దాటుతుంది. గోడ బరువు రెట్టింపు చేస్తే అదనంగా ఆగేది సుమారు 6 డెసిబెల్స్. తొమ్మిదంగుళాల గోడను పద్దెనిమిది చేయండి, 6. ముప్ఫయ్యారు చేయండి, 12. డెబ్బయ్ రెండు చేయండి, 18. బయటికి పెంచితే మునిసిపాలిటీ ఊరుకోదు, లోపలికే పెంచాలి. రెండు వైపులా అయిదడుగుల మూడంగుళాలు పెరిగింది, గది పదడుగులు. మిగిలిన వెడల్పు మైనస్ అరడుగు. ఇప్పుడు శబ్దం బయటికి రాదు, వాయించేవాడు లోపలికి పోడు. కనుక తెలిసినవారు ఇటుక గోడకు కొంచెం ఎడంగా రెండు పొరల జిప్సం బోర్డుతో, దాన్ని తాకని మరో గోడ లేపి, మధ్య సందులో రాక్‌వూల్ కూరుతారు.

ఇంత కట్టి, లక్షలు పోసి, తలుపు మాత్రం బిల్డరు ఇచ్చిన బోలు తలుపునే ఉంచుతారు. నూరు చదరపు అడుగుల గోడలో ఒక చదరపు అడుగు కంత ఉంటే, మిగతా 99 అడుగులూ గోల్కొండ గోడంత మందంగా కట్టినా మొత్తం మీద తగ్గేది 20 డెసిబెల్సే. గోల్కొండ అన్నాం గనుక, అక్కడ ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే కొండమీది బాలాహిస్సార్‌లో వినపడుతుంది. కుతుబ్‌షాహీల మేస్త్రీలు దాన్ని కావాలని సాధించారంటారు. మన బిల్డర్లు అనుకోకుండానే సాధిస్తున్నారు.

నేల సంగతి వేరు. డ్రమ్మరు కాలితో తొక్కే పెడలు దెబ్బ గాలిలో పోదు, శ్లాబు పట్టుకుని నేరుగా కిందికి దిగుతుంది. కింది ఫ్లాటు బాబాయిగారు లుంగీ సర్దుకుంటూ మెట్లెక్కి వచ్చి, కోపం లేకుండానే అంటారు: “పాటకేం బాబూ, పాడుకోండి, మాకు వినపడనే వినపడదు. ఆ దడదడే... మీ పిన్ని పూజగదిలో గంట దానంతటదే మోగుతోంది.” ఆ మాటలో శాస్త్రం ఉంది. పైస్థాయి స్వరాలు శ్లాబులోనే ఆగిపోతాయి, కిందికి చేరేది దరువొక్కటే. బాబాయిగారు ఏళ్ల తరబడి మన పాటలను పాట లేకుండా వింటున్నారు. విరుగుడు: రెండు ప్లైవుడ్ పలకల మధ్య టెన్నిస్ బంతులు వరసగా పేర్చి, ఆ వేదికమీద డ్రమ్ములు పెట్టడం. విదేశాల్లో బంతులు కొనుక్కుంటారు. మనకు కాలనీ క్రికెట్టు ఉంది, బాల్కనీ ఉంది. బంతి కోసం వచ్చిన పిల్లాడికి “ఇటు రాలేదమ్మా” అని చెప్పడం ఈ శాస్త్రంలో అసత్యదోషం కిందికి రాదు.

చివరగా ముహూర్తం. పొద్దున ఎనిమిదికి చెత్త బండి పాట, తొమ్మిదికి కుక్కర్లు, పదకొండుకు పాత ఇనపసామాన్ల ఆటో మైకు, మధ్యాహ్నం పైఫ్లాటులో టైల్స్ కోత, సాయంత్రం పిల్లలు, పోయిన బంతి మీద విచారణ. కరెంటు పోయినప్పుడు మాత్రం కాలనీ అంతా గుహలా నిశ్శబ్దమైపోతుంది. రికార్డింగుకు అంతకు మించిన ఘడియ లేదు. కంప్యూటరు కూడా ఆగిపోతుందన్న ఒక్క దోషం తప్ప. ప్రాక్టీసుకైతే వినాయక నవరాత్రులు సర్వోత్తమం. వీధి చివర పందిట్లో స్పీకర్లు మోగుతుంటే మన డ్రమ్ములను ఎవరూ పట్టించుకోరు. ఆ తొమ్మిది రోజులూ తలుపు తట్టేది చందా పుస్తకంతో వచ్చే కుర్రాళ్లే. “అన్నా, నిమజ్జనానికి డప్పు తక్కువైంది, మీ డ్రమ్మరన్నను పంపిస్తారా?” చందా విషయంలో బేరమాడవచ్చు గానీ డ్రమ్మరును మాత్రం వెంటనే పంపాలి. అడిగిన కుర్రాడి నాన్నే అసోసియేషన్ సెక్రటరీ.