ఇతరములు: పొణికి చెక్క

కొండపల్లి బొమ్మలవారికి ఒక యాప్ చేసిపెట్టాలని ఎవరికో బుద్ధి పుట్టిందనుకోండి. పుట్టక మానదు. భౌగోళిక గుర్తింపు ఉంది, లేపాక్షి షోరూముల్లో అమ్మకం ఉంది, లేనిది యాప్ ఒక్కటే. వాళ్లకేం కావాలో కనుక్కోవడానికి రిక్వైర్‌మెంట్స్ సేకరణ అని పేరు. ఎలా సేకరించాలో ముందు తేల్చాలి. తేల్చడానికి బెజవాడలో ఏసీ హాలు కావాలి.

హాల్లో వాదన జోరుగా సాగుతుంది. గూగుల్ ఫారం లింకు వాట్సాప్‌లో పడేస్తే సాయంత్రానికి చార్టులు సిద్ధమంటాడు ఒకాయన. వర్క్‌షాప్ పెడదాం, గోడనిండా రంగు చీటీలు అంటిద్దామంటాడు ఇంకొకాయన. బొమ్మల కాలనీలో నాలుగు రోజులు కూర్చుని పని చూద్దామన్న కుర్రాణ్ని అందరూ జాలిగా చూస్తారు. కాలనీ అక్కణ్నుంచి 20 కిలోమీటర్లకు అటూ ఇటూ. అయినా గెలిచేది ఫారమే. బిల్లుకు జతచేయడానికి కాగితం ఉండాలి కదా! చూస్తూ కూర్చున్నామంటే ఏ ఆడిటర్ ఊరుకుంటాడు?

ఫారంలో మొదటి ప్రశ్న: ప్రస్తుతం స్టాకు ఎంత?

ఇంట్లో చూస్తే ఏనుగు మొండేలు ఒక తట్టలో, తొండాలు ఇంకో తట్టలో, చేతులు అతకని మావటివాళ్లు మరో మూల. చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కుతో వాటిని అతకాలి, ఆరాలి, సుద్ద పూయాలి, మళ్లీ ఆరాలి, ఆపైన రంగు. ఇప్పుడు స్టాకు సున్నా అని రాయాలా, నలభై అనా? ముసురు పట్టిందంటే దసరా కొలువుకు ఎన్ని అందుతాయో ఆ బ్రహ్మకే తెలియాలి. ఇవేవీ ఫారంలోకి రావు. రోజూ చేసే పని ఒకరికి చెప్పదగ్గ సంగతని ఎవరనుకుంటారు? ఇక రంగులు వేసే ఇల్లాలి సంగతి సరేసరి, లింకు వెళ్లింది ఆయన ఫోనుకి.

పక్కన కూర్చుని పని చూడటం కొత్తేమీ కాదు. మన వీధి చివర జిరాక్స్ షాపుకు పేరిచ్చిన కంపెనీ పరిశోధన కేంద్రంలోనే లూసీ సచ్‌మన్ అనే పరిశోధకురాలు కాపీ యంత్రం దగ్గర తికమకపడే జనాన్ని వీడియో తీసి గమనించింది. దాని మీద ఆమె రాసిన పుస్తకం 1987లో వచ్చింది. 1994లో స్టాండిష్ గ్రూప్ అనే సంస్థ కుంటుపడ్డ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల గురించి ఆరా తీస్తే అరకొర రిక్వైర్‌మెంట్లు, యూజర్లను కలుపుకోకపోవడం ముందు వరసలో తేలాయి. అదీ సర్వేతోనే తేలిందనుకోండి! ఏం అడగాలో తెలిశాక ఫారం అక్కరకొస్తుంది. షాపువాడికీ పనివాడికీ తగువున్నచోట వర్క్‌షాపూ మంచిదే.

ఫారంలో చివరి గడి: ఇంకేమైనా కావాలా? "పొణికి చెక్క" అని రాస్తారు. బొమ్మలు చెక్కేది దానితోనే, అడవిలో ఆ చెట్టు కరువైపోతోంది మరి. నివేదికలో దాన్ని "ఇతరములు" కింద చేర్చి, లాగిన్ పేజీ రంగు మీద చర్చకు దిగుతారు.

అయ్యా సార్లూ, చెప్పులు బయట విడిచి ముందు ఆ చెక్కపొట్టులో కూర్చోండి. ఫారం తర్వాత పంపుదురుగాని.