నా టైటానియం వైభవం

మా ఇంట్లో నాకంటే ఎక్కువ మర్యాద అనుభవించింది నా కింది దవడలోని ఒక ఇంప్లాంటు. దవడ ఎముకలోకి టైటానియం మర దించి, పైన తొడుగు బిగించారు. ఆ డబ్బుతో మా ఆవిడకి రెండు పేటల గొలుసు వచ్చేదట. అందుకే ఆ పంటిని కొత్తల్లుణ్ణి చూసుకున్నట్టు చూసుకున్నాను: గట్టిగా తోమలేదు, పని చెప్పలేదు, ఏమైందని అడగలేదు. లోహానికి పుప్పి పట్టదని ధీమా. నిజమే, పట్టదు. రోగం పట్టేది చుట్టూ ఉన్న చిగురుకి.

ముందు పసిగట్టింది మా ఆవిడ ముక్కు. విజయనగరంలో శ్రీకాకుళం బస్సెక్కగానే కిటికీ సీటు నాకిచ్చింది. కాపురానికొచ్చాక అదే మొదలు. ప్రేమనుకుని పొంగిపోయాను. "ఏటనుకోకండి, అటు తిరిగి మాటాడండి" అంది.

ఈ జబ్బులో నొప్పి పెద్దగా తెలీదు, అదే చిక్కు. సొంత పంటికీ ఎముకకీ మధ్య నారపొర ఉంటుంది. ఇంప్లాంటుకి అది ఉండదు, ఎముకే నేరుగా లోహాన్ని పట్టేస్తుంది. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు ఈ పట్టును ముందు కుందేలు ఎముకలో చూసి, 1965లో మనిషి దవడలో వాడాడు. పట్టు గట్టిదే కానీ, అడ్డుపొర లేక రోగం సరాసరి ఎముకలోకి దిగుతుంది.

"పొగ అలవాటుందా మాస్టారూ?" అన్నారు పళ్ల డాక్టరుగారు.

"ఎప్పుడో..."

"ఎప్పుడో అంటే ఇయాల పొద్దున్న" అంది మా ఆవిడ.

"షుగరు?"

"అదుపులోనే ఉందండి."

"పళ్లెంలో మిఠాయి కనబడనంతవరకూ."

ఆ రెండూ ఈ రోగానికి మహా ఇష్టమట. పొగ మా ఇంట్లో పాత చుట్టమే: మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని. 1960లలో ముంబయి టాటా సంస్థ పరిశోధకులు శ్రీకాకుళం జిల్లా పల్లెలు తిరిగి, పొగాకు అలవాట్లనీ నోటి జబ్బులనీ లెక్క రాసుకున్నారు. ఈ సంగతి ఏటా పిల్లలకి పాఠం చెప్పి, బడి గేటు దాటగానే సిగరెట్టు వెలిగించిన ఘనుణ్ణి నేను.

చిగురు వాచినప్పుడే వచ్చి ఉంటే శుభ్రం చేసి సరిపెట్టేవారట. నా ఎక్స్‌రేలో మర చుట్టూ ఎముక కరిగి గుంట పడింది. మత్తిచ్చి, చిగురు విప్పి, మర చుట్ల మధ్య పేరుకున్న గార గీకారు. ఉక్కు పనిముట్లు టైటానియం మీద గీతలు పెడతాయి, ఆ గీతల్లో మళ్లీ క్రిములు చేరతాయి. అందుకని టైటానియంవీ ప్లాస్టిక్‌వీ వాడారు. తర్వాత మెత్తటి పొడి కలిపిన జల్లు, ఆపైన సెలైన్‌తో కడుగుడు. నేను నోరు తెరిచి ఉన్నాను కనక మాట్లాడ్డానికి లేదు. తెర అవతల కూర్చుని మా ఆవిడ నర్సమ్మకి గొలుసు కథ మొదలెట్టి, కుట్లు పడేలోగా ముగించింది.

ఇప్పుడు రాత్రి భోజనం అవగానే ఫోను లైటు పట్టుకుని తనిఖీకి వస్తుంది. పళ్ల సందుల్లో దూర్చే సన్న బ్రష్ నా చేతికిస్తుంది. సిగరెట్టు మానేశాను. జేబులు కూడా తనిఖీలోకే వస్తాయి మరి.

సంక్రాంతికి అత్తారింట్లో తేగలు ఉడకబెట్టారు. మా ఆవిడ నాకు పీచు తీసి, ముక్కలు కోసి పెడుతోంది. ఎనభై దాటిన మా అత్తగారు ఎదురుగా కూర్చుని, తేగని సొంత పళ్లతో చీరుతూ, "బాబుకి పళ్లు కొత్తయి కదేటి, ఇంకా సన్నంగా కొయ్యమ్మా" అంది.